పెట్రోల్ కారులో పొగ నియంత్రణ భాగాలు: పరీక్షించాకే మార్చండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే పి0420 అనే లోపం కోడ్ వచ్చిందనుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ పొగను తగినంతగా శుభ్రం చేయడం లేదని కంప్యూటర్ లెక్క తేల్చింది. చాలామంది వెంటనే కన్వర్టర్ మార్పించేస్తారు. పొగ నియంత్రణ భాగాల్లో బాగా ఖరీదైన వాటిలో అదొకటి. కొన్నాళ్లకు లైటు మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే పాత కన్వర్టర్ తనంతట తాను పాడవలేదు. మిస్‌ఫైర్ అవుతున్న (పెట్రోలు సరిగా మండని) సిలిండరో, ఇంజిన్ తాగేస్తున్న ఆయిలో దాన్ని చంపింది. ఆ కారణాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి కొత్తదానికీ అదే గతి పట్టింది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు.

ఏ కొలత తేడాగా ఉందో కోడ్ చెబుతుంది. ఏ భాగం పాడైందో చెప్పదు. అది కనిపెట్టడం పని చేసేవాళ్ల బాధ్యత. అందుకే పరీక్ష ఇంజిన్ దగ్గర మొదలై సైలెన్సర్ వైపు సాగాలి: ముందు గాలి, పెట్రోలు, ప్లగ్గులు, ఆ తర్వాత పీసీవీ (ఇంజిన్ అడుగున చేరిన వాయువుల్ని మళ్లీ కాల్చేలా చేసే వాల్వు), పెట్రోలు ఆవిరి వ్యవస్థ, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు), ఆక్సిజన్ సెన్సర్లు, చివర్న కన్వర్టర్. ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ ఇంజిన్ల గురించే. డీజిల్ లెక్క వేరు.

దగ్గర ఉండాల్సినవి: లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల అంకెలు) చూపించే స్కానర్, డిజిటల్ మల్టీమీటర్, గేజీ ఉన్న చేతి వాక్యూమ్ పంపు, పక్కన వైరు దూరేలా చీలిక ఉన్న 22 మిల్లీమీటర్ల సెన్సర్ సాకెట్, తుప్పు వదిలించే నూనె, టార్క్ రెంచి, జాకీ స్టాండ్లు. కారును ఒట్టి జాకీ మీద నిలబెట్టి కిందికి దూరకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది కమ్ముకున్న సంగతి తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

కోడ్ చెరిపేయడానికి ముందు

కోడ్‌ను, దాంతో పాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్‌ను రాసుకోండి. లోపం నమోదైన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, బండి వేగం ఎంత అన్నది అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే అదంతా పోతుంది, చాలా బళ్లలో బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా పోతుంది.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె ఇది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలుపుకున్న సవరణ) రెండూ కలిపి ప్లస్ 10 శాతం, మైనస్ 10 శాతం మధ్య ఉంటే సాధారణంగా ఫరవాలేదు. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎంకు రేస్ ఇవ్వగానే ప్లస్ 5కు దిగితే ఎక్కడో వాక్యూమ్ గొట్టం చీలింది. ఐడ్లింగ్‌లో ఆ చీలిక గుండా దూరే గాలి మొత్తం గాలిలో పెద్ద వాటా. రేస్ ఇచ్చినప్పుడు అదే చీలిక లెక్కలోకి రాదు. దీనికి ఎదురుగా, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి కొలిచే సెన్సర్ తక్కువ చూపిస్తోంది. ఈ రెండు స్థితుల్లోనూ ఆక్సిజన్ సెన్సర్ నిజమే చెబుతోంది. దాన్ని మార్చితే ఏమీ మారదు.

చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటుంటే బండి తోలడం ఆపండి. కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్‌ఫైర్ జరుగుతోందని ఆ మిణుకు చెబుతుంది. మండని పెట్రోలూ ఆక్సిజనూ కన్వర్టర్ దాకా పోయి, అక్కడ మండుతాయి. లోపలి తేనెపట్టులాంటి సిరామిక్ కరిగిపోయేంత వేడి పుడుతుంది.

పీసీవీ వాల్వు

చిన్న భాగం, తక్కువ ఖర్చు, పని కూడా తేలిక. పిస్టన్ రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు గదిలోకి) జారిన వాయువుల్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోకి) పంపి కాల్చేలా చేస్తుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా వాల్వును కవర్ నుంచి ఊడబెరికి రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. గట్టిగా పీల్చాలి, ఆర్‌పీఎం కాస్త తగ్గాలి. పీల్చకపోతే వాల్వో గొట్టమో పూడుకుపోయింది. ఇంజిన్ ఆపి, వాల్వు చేతిలో పట్టుకుని ఊపితే లోపల టకటకమనాలి. శబ్దం వచ్చినంత మాత్రాన బాగుందని కాదు, లోపలి స్ప్రింగు అలసిపోయి ఉండొచ్చు. శబ్దం రాకపోతే మాత్రం మార్చాల్సిందే.

పూడుకుపోయిన వాల్వు వల్ల లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర కారుతుంది. తెరిచే ఉండిపోతే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి పీల్చుకుపోయి, కాలి, బూడిదై కన్వర్టర్ మీద పొరలా పేరుకుంటుంది. కొత్త వాల్వు వేసేటప్పుడు అది దూరే రబ్బరు రింగును, అంటే గ్రోమెట్‌ను గోటితో నొక్కి చూడండి. గోరు దిగనంత గట్టిపడితే అదీ మార్చండి, లేకపోతే గాలి పక్కనుంచి దూరుతుంది.

ఆవిరి వ్యవస్థ

ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి బొగ్గు గుళికల క్యానిస్టర్‌లో నిలుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా పర్జ్ వాల్వు తెరుచుకుని దాన్ని ఇన్‌టేక్‌లోకి వదులుతుంది. పి0455 పెద్ద లీకుకు, పి0442 చిన్న లీకుకు గుర్తు. చిన్న లీకు అంటే సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రం. కొన్ని బళ్లు అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టేస్తాయి.

ట్యాంకు మూతతో మొదలుపెట్టండి. రబ్బరు రింగు పగిలిందా, నొక్కుకుపోయిందా, మూత ఆనే అంచు మీద తుప్పు ఉందా చూడండి. తర్వాత పర్జ్ వాల్వు. పెట్రోలు నింపించిన వెంటనే బండి స్టార్ట్ కాక మొరాయిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే, మూసుకోకుండా ఇరుక్కుని ఉండొచ్చు. పరీక్ష ఇలా: వాల్వు కనెక్టర్ పీకి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, క్యానిస్టర్ వైపు గొట్టం తీసి ఆ మూతి మీద వేలు పెట్టండి. కరెంటు లేనప్పుడు ఈ వాల్వు మూసుకుని ఉండాలి. వేలిని పీల్చుతుంటే మార్చండి. పీల్చకపోతే వాల్వును బయటికి తీసి, ట్యాంకుకూ ఆవిరికీ దూరంగా తీసుకెళ్లి, 12 వోల్టులు ఇచ్చి చూడండి. టక్కుమని తెరుచుకుని ఊదిన గాలి పోవాలి. చుట్ట రెసిస్టెన్స్ చాలా వాల్వుల్లో 15 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఉంటుంది.

పాత వాల్వును తెల్ల కాగితం మీద తట్టండి. నల్లటి సన్న గింజలు రాలితే క్యానిస్టర్ లోపల చితికిపోయి బొగ్గు బయటికి వస్తోందన్నమాట. అప్పుడు వాల్వు ఒక్కటే మార్చితే అవే గింజలు కొత్తదాని నోట్లోనూ ఇరుక్కుంటాయి. క్యానిస్టర్ మార్చి, గొట్టాల్లోకి గాలి కొట్టి శుభ్రం చేశాకే కొత్త వాల్వు పెట్టాలి. గన్ను ఆగిపోయాక కూడా మూతిదాకా పెట్రోలు కొట్టించడం క్యానిస్టర్ పాడయ్యే కారణాల్లో ముఖ్యమైనది. ద్రవం బొగ్గులోకి చేరితే ఆవిరిని పట్టి ఉంచే గుణం పోతుంది.

మూత, వాల్వు రెండూ బాగుండి కోడ్ ఇంకా వస్తుంటే గొట్టాల్లోకి పొగ ఎక్కించి లీకు చూపించే స్మోక్ మెషీన్ కావాలి. ఒత్తిడి ఒక పీఎస్ఐ దాటనివ్వకండి. వర్క్‌షాప్ కంప్రెసర్ గాలిని నేరుగా ట్యాంకులోకి ఎక్కించకండి. పెట్రోలు ఆవిరికి గాలి తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈజీఆర్ వాల్వు

కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండర్లలోకి పంపి మంట వేడిని తగ్గించడం దీని పని. మంట వేడి విపరీతంగా పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ఐడ్లింగ్‌లో ఇది మూసుకుని ఉండాలి, స్థిరంగా బండి తోలుతున్నప్పుడు తెరుచుకోవాలి. తెరిచే ఇరుక్కుంటే ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతుంది, ఆగిపోతుంది. తెరుచుకోకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ కొట్టుకునే చప్పుడు వస్తుంది, పి0401 నమోదవుతుంది.

వాక్యూమ్‌తో పనిచేసే పాత రకమైతే, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా వాల్వు పైగొట్టం తీసి చేతి పంపుతో 15 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ ఇవ్వండి. ఇంజిన్ తడబడాలి లేదా ఆగిపోవాలి. పంపు గేజీ ముల్లు కదలకుండా నిలిచి, వాల్వు కాడ పైకి లేచినా ఇంజిన్‌లో చలనం లేకపోతే వాల్వు బాగానే ఉంది, పొగ వెళ్లే దారి మసితో పూడుకుపోయింది. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. కొత్త వాల్వు పూడుకుపోయిన దారిని తెరవలేదు. ముల్లు జారిపోతే వాల్వు లోపల వాక్యూమ్ పట్టే పొర, అంటే డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. అయితే పొగ ఒత్తిడి తగిలితేనే వాక్యూమ్ నిలబెట్టుకునే రకం ఒకటుంది. అది ఇంజిన్ ఆపి ఉంటే సహజంగానే నిలబెట్టదు. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసి తేల్చుకోండి. ఎలక్ట్రిక్ వాల్వు అయితే స్కానర్‌తో తెరవమని ఆదేశించి అదే తడబాటు కోసం చూడాలి.

ఊడదీశాక గట్టి మసిని చెక్క పుల్లతో గీకి, కార్బొరేటర్ క్లీనర్‌తో మెత్తబరచండి. మసి ఇంజిన్‌లోకి పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కండి, బిగించేముందు అది తీయడం మర్చిపోకండి. ఎలక్ట్రిక్ వాల్వు మోటారు వైపు క్లీనర్ తగలనివ్వకండి, కాడను స్క్రూడ్రైవర్‌తో పొడిచి బలవంతంగా నెట్టకండి, లోపలి పళ్లు విరుగుతాయి. గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయండి. కొన్ని బళ్లలో కొత్త ఎలక్ట్రిక్ వాల్వు మూసుకునే స్థానాన్ని స్కానర్‌తో నేర్పించాల్సి ఉంటుంది.

ఆక్సిజన్ సెన్సర్లు

కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ పెట్రోలు, గాలి నిష్పత్తిని సరిచేయడానికి. వెనకున్నది కన్వర్టర్ పనిని గమనించడానికి. ఈ తేడా గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

జిర్కోనియా రకం (వోల్టులు ఎక్కువ తక్కువలుగా ఊగే మామూలు రకం) ముందు సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాకే నమ్మదగ్గ సంకేతం ఇస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి లైవ్ డేటా గ్రాఫ్ చూడండి. గీత 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందికీ ఊగుతుండాలి. ముసలి సెన్సర్ గీత ఎలా ఉంటుందంటే, ఊగుతుంది గానీ బద్ధకంగా. నిటారుగా లేవాల్సిన చోట వాలుగా ఎక్కుతుంది, 0.9 దాకా పోకుండా 0.6 దగ్గరే తిరిగి దిగిపోతుంది. 0.45 దగ్గర కదలకుండా ఉంటే సెన్సర్ వేడెక్కలేదు లేదా వైరు తెగింది. ఎప్పుడూ 0.1 దగ్గరే పడి ఉంటే, అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువుందని చెబుతుంటే, వెంటనే సెన్సర్‌ను నిందించకండి. యాక్సిలరేటర్ ఒక్కసారి టక్కున తొక్కి చూడండి. గీత 0.8 పైకి లేచిందంటే సెన్సర్ బతికే ఉంది, ఇంజిన్‌కు నిజంగానే పెట్రోలు చాలడం లేదు. లేదా సెన్సర్‌కు ముందు మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర లీకుంది. పొగ బయటికి పోయే లీకు గుండానే, రెండు ఒత్తిడి తరంగాల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ గాలిని చూసి ఆక్సిజన్ ఎక్కువుందని చెబుతుంది.

చాలా కొత్త బళ్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం, అంటే నిష్పత్తి ఎంతుందో కచ్చితంగా కొలిచేది. దానికి ఈ వోల్టుల పరీక్ష పనికిరాదు. స్కానర్‌లో లామ్డా విలువ చూడాలి (గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోతే ఇది 1, పెట్రోలు ఎక్కువైతే తగ్గుతుంది): స్థిరంగా నడుస్తున్నప్పుడు 1.00 దగ్గర, టక్కున తొక్కితే ఒకటికి తక్కువ, రేస్ వదిలేసి బండి గేరులో దిగుతున్నప్పుడు ఒకటికి బాగా ఎక్కువ. వైర్ల లెక్క చూసి రకం నిర్ణయించకండి. నాలుగు వైర్ల వైడ్‌బ్యాండ్ సెన్సర్లూ ఉన్నాయి.

పి0135 లాంటి హీటర్ కోడ్ వస్తే ముందు ఫ్యూజు చూడండి. అది బాగుంటే కనెక్టర్ పీకి, సెన్సర్ వైపు ఒకే రంగున్న రెండు హీటర్ వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 2 నుంచి 15 ఓమ్‌లు. అనంతం చూపిస్తే హీటర్ తెగింది. సెన్సర్ బాగుంటే బండి వైపు కనెక్టర్‌లో, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ వస్తోందో లేదో చూడండి.

మార్చే పద్ధతి:

1. మరల మీద తుప్పు వదిలించే నూనె వేసి ముందురోజు రాత్రి నుంచే నాననివ్వండి. పని మొదలుపెట్టేముందు ఇంజిన్‌ను ఒకట్రెండు నిమిషాలు నడిపి ఆపండి. పైపు గోరువెచ్చగా ఉంటే మర సులువుగా వదులుతుంది, చెయ్యి కాలదు.
2. కనెక్టర్ ముందు పీకండి. సాకెట్ వేసి నెమ్మదిగా తిప్పండి. మధ్యలో బిగుసుకుంటే బలం వాడకుండా కాస్త వెనక్కి బిగించి, మళ్లీ నూనె వేసి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయండి. బలవంతం చేస్తే పైపు మరలు సెన్సర్‌తో పాటే ఊడి వస్తాయి.
3. మరలు చెదిరితే ఎం18, 1.5 పిచ్ చేజర్‌తో సరిచేయండి.
4. కొత్త సెన్సర్ మరల మీద యాంటీ సీజ్ (మరలు బిగుసుకుపోకుండా పూసే పేస్టు) ముందే పూసి ఉందేమో చూడండి. లేకపోతే మరలకు మాత్రమే పలచగా పూయండి, మొనకు ఏ మాత్రం తగలకూడదు.
5. మొదట చేత్తో తిప్పి ఎక్కించి, తర్వాత టార్క్ రెంచితో బిగించండి. ఎక్కువ బళ్లకు 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు.
6. వైరును పాత క్లిప్పులకే తగిలించండి. వేలాడి సైలెన్సర్‌కు తగిలితే కరిగి ఫ్యూజు ఎగిరిపోతుంది.

వైరు కోసి టంకం పెట్టి అతికించకండి. చాలా సెన్సర్లు పోల్చి చూసుకునే బయటి గాలిని ఆ వైరు పోగుల సందుల్లోంచే తీసుకుంటాయి. టంకం ఆ దారిని మూసేస్తుంది.

తీసిన పాత సెన్సర్‌ను పారేయకుండా మొనను వెలుతురులో చూడండి, ఇంజిన్ ఎలా నడిచిందో అక్కడ రాసి ఉంటుంది. ఎండు నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ముదురు గోధుమరంగు, జిడ్డు బూడిద కనిపిస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లటి పొర ఉంటే ఎవరో తప్పుడు సిలికాన్ సీలెంట్ వాడారు. ఆకుపచ్చ కలిసిన తెల్ల మచ్చలుంటే కూలెంట్ సిలిండర్లోకి చేరుతోంది, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా కారణం సరిచేయకుండా కొత్త సెన్సర్ పెట్టడం దండగ.

క్యాటలిటిక్ కన్వర్టర్

ఇంతదాకా వచ్చాకే దీన్ని అనుమానించాలి. ఇది రెండు రకాలుగా పాడవుతుంది: పూడుకుపోతుంది, లేదా లోపలి పూత చచ్చిపోతుంది. రెండిటికీ పరీక్షలు వేరు.

బండికి పికప్ పోయి, వేగం పెరగడానికి మొరాయిస్తుంటే పూడిక కావచ్చు. ఇన్‌టేక్‌కు వాక్యూమ్ గేజీ తగిలించండి. సముద్రమట్టానికి దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. ముల్లు మెల్లమెల్లగా దిగిపోతుంటే పొగ బయటికి పోలేక లోపలే పోగవుతోంది. రూఢి చేసుకోవాలంటే, కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ ఊడదీసి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజీ బిగించండి. ఐడ్లింగ్‌లో ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2500 దగ్గర మూడు పీఎస్ఐ లోపు ఉండాలి. రబ్బరు సుత్తితో చల్లటి కన్వర్టర్‌ను మెల్లగా తట్టితే గలగలమంటే లోపలి సిరామిక్ విరిగింది.

పూత చచ్చిందో లేదో వెనక సెన్సర్ చెబుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 2500 దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచండి. మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుంటూ వదులుతూ ఉంటుంది కాబట్టి వెనక గీత 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ముందు జిర్కోనియా సెన్సర్ ఊగినట్టే వెనకదీ ఊగుతుంటే ఆ శక్తి పోయింది. తీర్పు ఇచ్చేముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, వెనక సెన్సర్ దగ్గర పైపు లీకు లేదు కదా. రెండు, సెన్సర్ బాగుంది కదా: టక్కున తొక్కితే 0.8 పైకి, రేస్ వదిలి దిగుతున్నప్పుడు 0.2 కిందికి వెళ్లాలి. కన్వర్టర్ ముందూ వెనకా ఉష్ణోగ్రత కొలిచి పోల్చే పాత పద్ధతి ఉంది గానీ, దాన్నొక్కదాన్నే నమ్మకండి. శుభ్రంగా మండే కొత్త ఇంజిన్లలో మంచి కన్వర్టర్ కూడా పెద్ద తేడా చూపించదు.

మార్చేటప్పుడు బోల్టులు తుప్పుపట్టి విరుగుతాయన్న అంచనాతోనే కొత్త నట్టులు, స్టడ్లు, గ్యాస్కెట్లు దగ్గర ఉంచుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. సెన్సర్లు ముందు తీసేయండి. కన్వర్టర్ బరువు పైపు మీద పడకుండా కింద దన్ను పెట్టి, అప్పుడు బోల్టులు విప్పండి. పాతది విరిగి ఉంటే ఆ దుమ్ము పీల్చకండి, మాస్కు తప్పనిసరి. విరిగిన ముక్కలు వెనక సైలెన్సర్‌లోకి చేరి దాన్నీ పూడ్చేస్తాయి, తట్టి దులపండి. కొత్తదాని మీది బాణం గుర్తు పొగ వెళ్లే వైపు ఉండాలి. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి, పైపు హ్యాంగర్ల మీద సహజంగా వేలాడుతోందని చూసుకున్నాకే వరసగా బిగించండి. జాయింట్లకు మామూలు సిలికాన్ పూయకండి. చల్లగా ఉన్నప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేసి జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే, బుడగలు లేచిన చోట లీకుంది. మొదటిసారి వేడెక్కేటప్పుడు కాస్త వాసన, పలచటి పొగ రావచ్చు, లోపలి సిరామిక్ చుట్టూ ఉండే చాపలాంటి పొరలోని బంక కాలుతోంది. కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లోనే వేడెక్కనివ్వండి, రేస్ ఇవ్వకండి.

వెనక సెన్సర్ కింద దాన్ని పొగకు ఎడంగా నిలిపే స్పేసర్ పెట్టి కోడ్ రాకుండా చేసేవాళ్లున్నారు. దాంతో లైటు ఆరుతుందే గానీ విషం తగ్గదు. కన్వర్టర్ తీసేసి ఒట్టి పైపు వేయడం అయితే చాలా దేశాల్లో నేరం.

పని అయ్యాక

కోడ్ చెరిపిన వెంటనే లైటు ఆరుతుంది, దాన్ని చూసి పని అయిందనుకోకండి. కోడ్‌తో పాటు రెడీనెస్ మానిటర్లన్నీ (ఏ వ్యవస్థ పరీక్ష పూర్తయిందో చెప్పే గుర్తులు) సున్నాకి వస్తాయి. కంప్యూటర్ ప్రతి వ్యవస్థనూ మళ్లీ తానే పరీక్షించుకోవాలి. రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకట్రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఊళ్లో కాసేపు, హైవే మీద స్థిరమైన వేగంతో పది పదిహేను నిమిషాలు తోలండి. మధ్యలో కొన్నిసార్లు బ్రేకు తొక్కకుండా రేస్ వదిలి వేగం తగ్గనివ్వండి. ఆవిరి మానిటర్ సాధారణంగా ట్యాంకు 15 నుంచి 85 శాతం మధ్య ఉంటేనే నడుస్తుంది. ట్యాంకు ఫుల్ చేయించి ఎదురుచూస్తే వారమైనా పూర్తికాదు.

పొగ పరీక్షకు వెళ్లేముందు గ్యాస్ అనలైజర్ దొరికితే ఒకసారి పెట్టండి. వేడి ఇంజిన్‌లో లామ్డా 0.97 నుంచి 1.03 మధ్య, కార్బన్ డయాక్సైడ్ 14, 15 శాతం దగ్గర ఉంటే మంట బాగుంది. హైడ్రోకార్బన్లు (మండని పెట్రోలు), ఆక్సిజన్ రెండూ ఎక్కువుంటే ఏదో సిలిండర్ మిస్‌ఫైర్ అవుతోంది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువవుతోంది.

మానిటర్లు పూర్తయ్యాక స్కానర్‌లో పెండింగ్ కోడ్ల పేజీ తెరవండి. చాలా లోపాలు మొదటిసారి అక్కడే కనిపిస్తాయి, రెండో ప్రయాణంలోనూ తేలితేనే లైటు వెలుగుతుంది. అక్కడ పాత కోడే కనబడితే ఫ్యూయల్ ట్రిమ్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.